మూడు సీట్ల ఎనక

మేడం చెప్పిన మాట ఒక్కటే:
వాడు ముందట కూసుంటడు, నువ్వు మూడు సీట్ల ఎనక కూసో.
పలకరియ్యకు. దగ్గకు గూడ.
వాడు తప్పినా సరే, నోరు తెరవకు జంగమ్మా,
తప్పనిస్తేనే తొవ్వ నేరుస్తడు.

నాది ఊడ్చే కొలువు.
యూనివర్సిటీల కిందంతస్తు, ఇరిగిన కుర్చీలేసే స్టోరు రూము
నేనే కడిగి ఇచ్చిన వాళ్ల సెంటరుకు.
బోర్డు మీద పేరు శాన పొడుగు, నాకు సదువ రాదు.
పోరగాండ్లు దానికి పెట్టిన పేరు ఇంకోటి ఉండె.
ఆ పేరు నేను గూడ అన్న. అబద్ధమెందుకు,
నెల రోజులు అన్న.

ఉపేందర్‌కు ఇరవై రెండేండ్లు.
లతీఫ్ సాబ్ గుట్ట కింద ఇల్లు.
మాట మెల్లగ, ఒక్కొక్కటి
బాయిల నుంచి చేదినట్టు వస్తది.
బొక్కెన పైకొచ్చేదాంక ఆగాలె,
మనకే ఓపిక లేక తాడు ఇడిసిపెడ్తం.
ఇన్నేండ్లు వాళ్లమ్మ చెయ్యి వట్టుకొనే బజారు జూసిండు.
ఇప్పుడు సెంటరుల జిరాక్సు మిషిను కాడ పని,
పొద్దుగాల పది గంటలకు.
రావుడు మాత్రం వాడే రావాలె.

పన్నెండు దినాలు నార్కట్‌పల్లి బస్సు ఎక్కినం,
ఒకరికొకరం ఎరుక లేనట్టు.
వానికి పాసు, నాకు జీరో టికెట్టు.
వాని మెడ సూసుకుంట కూసునేది నేను:
పౌడరు గీత, కొత్తగ గొరిగిన ఎంటికలు,
నూనె రాసిన సోమలక్ష్మి ఏలి గుర్తులు.
సెర్లపల్లి దాటంగనే సంచి ఒళ్లె పెట్టుకుంటడు,
బత్తాయి బండి కనవడంగనే లేస్తడు.
బోర్డు సదివేటోళ్లకు అది యూనివర్సిటీ స్టేజి,
వానికి ముత్తిలింగం బత్తాయిల స్టేజి.
నాకా? కండక్టరు కేకేస్తె దిగుడు.
పెండ్లయిన కాడికెల్లి అంతే.

పదమూడో దినం బండి లేదు.
ఉత్త నేల. రెండు ఇటుకలు, ఎండిన తొక్కలు.
యూనివర్సిటీ, యూనివర్సిటీ అని కండక్టరు ఒర్రిండు.
వాడు లేవలేదు.
పోరగాండ్లు దిగిన్రు.
వాడు కిటికికి ముక్కు ఆనిచ్చి సూస్తనే ఉన్నడు.
నా కొంగు నా నోట్ల ఉన్నది.
రైట్ రైట్.
మేడం మాట ఒక దిక్కు, వాని మెడ ఒక దిక్కు,
నడుమ నా పెయ్యంత చెమట.

అప్పుడు లేసిండు.
"అన్నా"
బొక్కెన ఇంక లోపలే ఉన్నది
"బత్తాయి... ఆయన... ఏడికి వాయె?"
బస్సుల సగం మంది నవ్విన్రు.
కండక్టరు నవ్వలె. నీదే స్టేజి బిడ్డా, అన్నడు.
వాడు మెడల కార్డు సూపిచ్చిండు.
దాటినం గదరా, అని తుమ్మల కాడ బస్సు ఆపిండు.

బస్సు కదులుతుండంగ నేను దిగిన.
కరెంటు స్తంభం సాటుకు నిలవడ్డ.
స్తంభమెంత, నేనెంత!
వాడు ఇటు సూసిండు, అటు సూసిండు,
సంచి భుజానికేసి వచ్చిన దిక్కు మళ్లిండు.
రెండడుగులేసి ఆగిండు.
ఎనక్కి తిరగకుంటనే అన్నడు:
"పెద్దమ్మా, ఎండ గొడ్తుంది. కలిసి పోదాం రా."

ఎన్ని దినాల సంది ఎరుకరా నీకు?

"మొదటి నుంచి. నీ గాజులు సప్పుడు జేస్తయి."

నడిసినం. ఒక కిలోమీటరుంటది.
ఆలిశమైందని నాకు బుగులు,
వానికి ముత్తిలింగం బుగులు.
"జరమొచ్చిందేమో" అన్నడు.
శాన దూరం పోయినంక
"పైసలియ్యాలె. ఒక కాయకు."

మేడం కాయితం తీసి అడిగింది:
ఒక్కడే వచ్చిండా, సాయంతోని వచ్చిండా?
టిక్కు వెట్టెటానికి రెండే డబ్బాలున్నయట.
నేను ఇంక ఆలోచన జేస్తనే ఉన్న.
వాడు అప్పటికే మిషిను మూత లేపి
పచ్చ లైటు ఆ కొస నుంచి ఈ కొసకు
ఉరుకుతుంటె సూస్తున్నడు.

ముత్తిలింగం మల్ల రాలె.
పద్నాలుగో దినం ఆ రెండు ఇటుకలు సూసి లేసిండు ఉపేందర్.
మూడు సీట్ల ఎనక
గాజులు జర గట్టిగనే కదిపిన నేను.
తిరిగి సూడలె.
వాని పిడికిట్ల పది రూపాల నోటు,
చెమటకు నానింది.